మందులోకి నంజుకోడానికి

మా ఆయన నన్ను మొదటిసారి కొట్టింది సెనగ గుగ్గిళ్ళ వల్ల. పెళ్ళయి నెల తిరగలేదు. ప్రత్తిపాడులో జిన్నింగు మిల్లు వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన మిల్లులో పత్తి బేళ్ళు కట్టేవాడు. ఆ సాయంత్రం జుట్టు నిండా దూదితో, చేతిలో క్వార్టర్ సీసాతో వచ్చి, "నంజుకోడానికి ఏదన్నా పెట్టు" అన్నాడు. మా పుట్టింట్లో మగవాళ్ళు తాటికల్లు తాగేవాళ్ళు. కల్లులోకి గుగ్గిళ్ళు పెట్టేవాళ్ళం. నాకు తెలిసింది అదే కాబట్టి పళ్ళెం నిండా పెట్టాను. ఆయన తెచ్చింది బ్రాందీ. నాలుగు గింజలు నమిలి, ఆ పళ్ళెమే ఎత్తి నా మొహాన కొట్టాడు. స్టీలు అంచు ఎడమ కనుబొమ్మ మీద దిగింది. రక్తం కంట్లోకి కారుతుంటే నేను వంగి కింద పడ్డ గుగ్గిళ్ళు ఏరుతున్నాను. బ్రాందీలోకి గుగ్గిళ్ళు పెట్టకూడదని ఆ రోజు తెలిసింది.

చదువుకున్నవాళ్ళు ఈ విద్యని ఫుడ్ పెయిరింగ్ అంటారని నాకు యాభై దాటాక తెలిసింది. నేనైతే దెబ్బకొకటి చొప్పున నేర్చుకున్నాను. బ్రాందీలోకి కోడి కార్జం వేపుడు ఉండాలి, కారం దట్టంగా పట్టి నూనె పైకి తేలాలి. బీరైతే కరకరలాడేది కావాలి. చల్లారిన పకోడీ పెట్టినందుకు ఒకసారి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నాటుసారాకి ఆవకాయ ముక్క చాలు. ఆ ముక్క మెత్తబడిందని సీసా విసిరాడు. అది నాకు తగల్లేదు, పొయ్యి మీద పాలగిన్నెకి తగిలింది. మరుగుతున్న పాలు నా పాదాల మీద పడ్డాయి. రమ్ములోకి వేయించిన ఎండుచేప పెడితే మాత్రం కూనిరాగం తీస్తూ మంచం ఎక్కేవాడు. అందుకని మా ఇంట్లో ఉప్పు నిండుకున్నా ఎండుచేపలు నిండుకునేవి కావు.

ఆ రోజుల్లో నా ఎడమ చేతికి ఒక అలవాటు పట్టుకుంది. ఎక్కడ పళ్ళెం చప్పుడైనా దానంతట అదే లేచి, మోచెయ్యి బయటికి పెట్టి, మొహానికి అడ్డం నిలబడేది. పక్కింట్లో గిన్నె జారినా అంతే. నా చెయ్యి నాకన్నా తెలివైనదని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

మాకు పిల్లల్లేరు. ఒకటి కడుపులోనే పోయింది. ఎలా పోయిందో చెప్పక్కర్లేదనుకుంటాను.

పద్నాలుగేళ్ళకి, ఒక మధ్యాహ్నం, అదంతా ముగిసింది. ఏడాదికి సరిపడా కారం ఆ పొద్దున్నే మరలో ఆడించుకొచ్చి, పెద్ద బేసిన్‌లో పోసి ఉప్పు కలుపుతున్నాను. ఆయన పని ఎగ్గొట్టి సీసాతో వచ్చాడు. కార్జం వేపుడు అడిగాడు. ఆ రోజు కోడి కొట్టు తియ్యలేదన్నాను. నా తల పట్టుకుని ద్వారబంధానికేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారికి చెవిలో హోరు మొదలైంది. నాలుగోసారి కొట్టేలోపు నా చెయ్యి బేసిన్‌లో ఉంది. పిడికిలి నిండా కారం తీసి ఆయన రెండు కళ్ళల్లోనూ కొట్టి, అరచేత్తో రుద్దాను. ఊరికే చల్లలేదు, రుద్దాను. ఆ మాట చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ.

ఆయన అరుపు మూడు వీధులకి వినిపించింది. అమ్మలక్కలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన నేల మీద పొర్లుతూ, కళ్ళు నలుపుకుంటూ, నలుపుకున్నకొద్దీ ఇంకా అరుస్తున్నాడు. నేను మెట్టు మీద కూర్చుని చూశాను. చాలాసేపటికి ఎదురింటి ముసలామె కుండెడు నీళ్ళు తెచ్చి ఆయన మొహాన కుమ్మరించింది. నీళ్ళు తేవాలని నాకు తోచలేదని తర్వాత అందరితో చెప్పాను. తోచింది.

ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికాడు. నన్ను మళ్ళీ వేలితో కూడా తాకలేదు. ఏది పెడితే అది తిన్నాడు. నేను గరిటె పుచ్చుకుని పక్కన నిలబడితే నా చెయ్యి వైపే చూసేవాడు, ఆయన ఎడమ కంట్లోంచి ఎప్పుడూ నీరు కారుతుండేది. నాకది బాగుండేది. ఒక మనిషి నన్ను చూసి భయపడటం అంత బాగుంటుందని అంతకుముందు నాకు తెలియదు. చివరికి లివర్ చెడి పోయాడు. ఏడ్చాను గానీ ఎందుకు ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

వాడరేవులో సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టులో వంటమనిషిగా చేరి ఎనిమిదేళ్ళు దాటింది. మూడేళ్ళకి నాకు తోడుగా ఇంకొకామె వచ్చింది. కనిగిరి నుంచి వచ్చింది కాబట్టి అందరూ కనిగిరామె అనేవాళ్ళు. నాకన్నా పదేళ్ళు చిన్నది. భర్త ఇంకో పెళ్ళి చేసుకుని బయటికి పొమ్మన్నాడు. రిసార్టు వెనక గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. నాకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది ఆమే, తలకి నూనె పెట్టేది ఆమే. ఈ లోకంలో నాకంటూ ఉన్నది ఆమె ఒక్కతే, అది పైకి ఎప్పుడూ అనలేదు. పని దగ్గర మాత్రం ఊరుకునేదాన్ని కాదు. అన్నం మాడితే చెంప మీద ఒకటి పడేది, ఉప్పు మరిచిపోతే గరిటె కాడతో మోచేతి మీద పడేది. "నీ మంచికేనే" అనేదాన్ని. పని నేర్పడమంటే అదేనని గట్టిగా నమ్మాను. ఆమె ఎదురు చెప్పేది కాదు, గిన్నె తీసుకుని వెళ్ళి కడుక్కునేది.

పోయిన చలికాలంలో గుంటూరు నుంచి మిరపకాయలు ఎగుమతి చేసే వ్యాపారి ఒకాయన తన ఇటలీ కొనుగోలుదార్లకి మా దగ్గర మధ్యాహ్నం విందు పెట్టుకున్నాడు. వాళ్ళు తమ ఊరి ఎర్ర వైన్ సీసాలు ముందుగానే పంపారు. దానికి తగ్గ వంట నేను చెయ్యాలి. వైన్ సంగతి తెలిసిన కుర్రాడు ఒకడు బెంగుళూరు నుంచి నాలుగు రోజుల ముందే దిగాడు. తెలుగువాడే. నా ముందు ఒక సీసా తీసి, పెద్ద బొజ్జ గ్లాసులో గుక్కెడు పోసి, గిరగిర తిప్పాడు.

"ఆంటీ, మీరు రుచి చూడకుండా దీనికి ఏం వండాలో చెప్పలేరు."

"నేను మందు ముట్టను బాబూ. ఆ వాసనకే ఒళ్ళు మండుద్ది."

"మింగక్కర్లేదు. నోట్లో పోసుకుని, నాలుకంతా తిప్పి, ఈ బకెట్‌లో ఉమ్మేయండి. మేమంతా అలాగే చేస్తాం."

ఉమ్మేయాలన్న మాట వినగానే ఆ కుర్రాడి మీద గౌరవం కలిగింది. మందుతో చెయ్యాల్సిన పని అదేనని నేను ఏనాటి నుంచో అనుకుంటున్నాను. ముందు ముక్కు పెట్టి చూశాను. బ్రాందీలాగా గొంతు పట్టుకోలేదు. మొదట ఎండు ఖర్జూరం, ఎండు ద్రాక్ష. ఆ వెనక పొగాకు ఆరబెట్టే బ్యారన్ తలుపు తీసినప్పుడు వచ్చే వెచ్చని తీపి వాసన. నోట్లో పోసుకున్నాక మాత్రం వగరు పట్టేసింది, పచ్చి జామపిందె కొరికినట్టు చిగుళ్ళు బిగుసుకున్నాయి. ఆ తర్వాత వేడి మెల్లగా ఛాతీ దాకా వచ్చింది. బకెట్‌లో ఉమ్మేశాను. అంత గట్టిగా ఉమ్మక్కర్లేదు ఆంటీ అన్నాడు.

దీని పేరు అమరోనే అన్నాడు. ద్రాక్షలు కోసి, వెదురు తడికల మీద మూడు నాలుగు నెలలు ముడతలు పడేదాకా ఎండనిచ్చి, అప్పుడు పిండుతారట. నేను వెంటనే అడిగింది ఒకటే, మంచు పడితే బూజు పట్టదా అని. కల్లంలో మిరపకాయలు ఆరబోసుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చున్న ఇంట్లో పుట్టినదాన్ని. వాళ్ళ భయం కూడా అదేనని అతను నవ్వాడు.

అప్పుడు అతనికి నాకు తెలిసింది చెప్పాను. ఇంత వగరుకి కొవ్వు కావాలి, ఉప్పు కావాలి, బాగా నమలాల్సిన మాంసం కావాలి. పులుపు తగ్గించాలి. కారం మాత్రం అస్సలు పనికిరాదు, ఎందుకంటే వైన్‌లో వేడి ముందే ఉంది, కారం తగిలిందంటే రెండూ కలిసి నోరు కాల్చేస్తాయి, ఆ ఖర్జూరం వాసన చచ్చిపోతుంది. అతను నోరు తెరుచుకుని విన్నాడు. ఈ చదువు ఎక్కడ చదివారు అన్నాడు. నేను మాట తప్పించాను.

ఉలవలు నానబెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉడికించి, గింజలు ఎడ్లకి పెట్టి, ఆ నీళ్ళు మనుషులు చారు కాచుకునే ఇళ్ళు మావి. ఆ నీళ్ళని ఇంకా మరిగించి చిక్కబరిచి, అందులో పొట్టేలు నల్లి ఎముకలు, జబ్బ మాంసం వేసి, ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, కాసిని మిరియాలు, దాల్చిన చెక్క వేసి, సన్న సెగ మీద ఐదు గంటలు వదిలేసి, చివర్లో వెన్న వేద్దామనుకున్నాను. కారం లేదు, చింతపండు పేరుకి. గుంటూరు వ్యాపారి విందులో కారం లేని మాంసం. కనిగిరామెకి రెండుసార్లు చెప్పాను. ఆమె తల ఊపింది గానీ మొహం మాడ్చుకుంది.

విందుకి ముందు రోజు పదకొండింటికి వైన్ కుర్రాడు రుచి చూడటానికి వస్తానన్నాడు. కూర దించి, వెన్న తేవడానికి నేను ఆఫీసు గదిలోని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. పది నిమిషాలు. వచ్చేసరికి అతను వంటింట్లో నిలబడి ఉన్నాడు. వెన్న కలిపి, స్టీలు పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. అతను మూలుగ పీల్చి, ఒక ముక్క నమిలి, వెంటనే వైన్ గుక్క వేశాడు. మొహం కందగడ్డలా అయిపోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్ళ నీళ్ళు కారాయి. ఊపిరాడక చేత్తో పళ్ళెం అవతలికి నెట్టేశాడు. అది గ్రానైట్ బండ మీద జారిపోయి నేల మీద పడింది.

పళ్ళెం చప్పుడు విన్నాను. తర్వాత చూసుకుంటే నా ఎడమ చెయ్యి మొహానికి అడ్డంగా ఉంది, మోచెయ్యి బయటికి. ఆయన పోయి ఇన్నేళ్ళయినా. వైన్ కుర్రాడు చూశాడు. కనిగిరామె చూసింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు రెప్పపాటులో కోపమైపోయింది. ఉలవచారు నల్లగా ఉంటుంది కాబట్టి కారం నా కంటికి కనపడలేదు, కానీ ఎవరు వేశారో అడగక్కర్లేదు. పొయ్యి మీద మూకుడులో ఉల్లిపాయలు వేగుతున్నాయి. అందులో ఉన్న గరిటె తీసి ఆమె ముంజేతి మీద కొట్టాను. నూనెతో పాటు. చర్మం గరిటెకి అంటుకుని వచ్చింది. మళ్ళీ ఎత్తాను.

"ఆంటీ, ఆపండి," అన్నాడు వైన్ కుర్రాడు, దగ్గు మధ్యలో.

కనిగిరామె చెయ్యి కొళాయి కింద పెట్టుకుని, అటు తిరిగే మాట్లాడింది. "ఇంటికొచ్చినోళ్ళకి చప్పిడి కూడు పెడితే నిన్నేమన్నా అంటారేమోనని రెండు చెంచాలేశానక్కా. వాళ్ళ ముందర నీకు మాట రాకూడదని."

అది నిజం. మా వైపు కారం లేని కూర రోగులకి పెడతారు. అతిథి ముందు పెడితే అతిథికీ అవమానం, వండినదానికీ అవమానం. ఆమె చెయ్యి నా పరువు కాపాడబోయింది. నాకు అర్థమైంది, అయినా ఆ క్షణాన నోట్లోంచి వచ్చిన మాట, "చెప్పిన పని చెయ్యడం నేర్చుకో."

ఆ సాయంత్రం ఆమె గదికి రాలేదు. జాలరిపేటలో తెలిసినవాళ్ళింట్లో ఉందని వాచ్‌మన్ చెప్పాడు. నేను రెండోసారి ఉలవలు పొయ్యి మీద పెట్టి కూర్చున్నాను. విందు పాడవుతుందని నాకు బెంగ లేదు. రేపు ఆమె వస్తుందా రాదా, అదొక్కటే. రాకపోతే ఆ గదిలో నేనొక్కదాన్నే. నేను చేసింది తప్పేమీ కాదని, అంతకన్నా పెద్ద దెబ్బలు నేను తిన్నానని, నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

పొద్దున ఆరింటికి ముంజేతికి తెల్లగుడ్డ చుట్టుకుని వచ్చింది. ఉల్లిపాయలు కోసింది, ఎముకలు కడిగింది, నేను అడగకముందే వెన్న తెచ్చిపెట్టింది. నా గుండె కుదుటపడింది. అలిగి తిరిగొచ్చిందనుకున్నాను.

విందు బాగా జరిగింది. ఇటలీ పెద్దాయన మూలుగ తిని, వైన్ గుక్క వేసి, గ్లాసు వైపు చూసి, మళ్ళీ మూలుగ తిన్నాడు. కొవ్వు పడగానే ఆ వగరు వెనక్కి తగ్గి, ఎండు పండ్ల వాసన ముందుకొస్తుంది, నేను ఉమ్మేసి ఉమ్మేసి కనుక్కున్న సంగతి అది. ఈ చిక్కటి రసం దేనిదని అడిగాడట. ఎడ్లకి పెట్టే గింజ అని చెబితే, ఉలవలు తెప్పించుకుని గుప్పెడు జేబులో వేసుకున్నాడు. గుంటూరు వాళ్ళు మాత్రం వైన్‌లో సోడా కలుపుకుని, నన్ను సైగతో పిలిచి, కాస్త కారప్పొడి ఉందా అమ్మా అని మెల్లగా అడిగారు. వైన్ కుర్రాడు చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

చివర్లో అతను మా ఇద్దర్నీ హాల్లోకి పిలిచి అందరి ముందు నిలబెట్టాడు. ఈవిడ జీవితంలో వైన్ తాగలేదు, కానీ ఏ మందుకి ఏం పెట్టాలో నాకన్నా బాగా తెలుసు అని పొగిడాడు.

"ఎవరు నేర్పారండీ?" అని వ్యాపారి అడిగాడు.

"మా ఆయన," అన్నాను. ఆ రెండు మాటలూ కసిగా అన్నాను, ఆ కసి నాకు తప్ప ఎవరికీ వినపడదు కదా అని లోపల నవ్వుకుంటూ.

"అదృష్టవంతులు. ఆయన మంచి భోజనప్రియులన్నమాట," అన్నాడు వ్యాపారి. అందరూ చప్పట్లు కొట్టారు.

"మరి నీకెవరు నేర్పారమ్మా?" అని కనిగిరామెని అడిగాడు.

ఆమె తల ఎత్తలేదు. పమిట కొంగు ముంజేతి మీదికి లాక్కుంది.

"మా అక్క," అంది. గొంతు అచ్చం నాదే.

మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఈసారి నాకు ఆ చప్పట్లు వినపడలేదు. వంటింట్లోకి ఎలా వచ్చానో గుర్తులేదు. కలబంద మట్ట ఒకటి విరిచి, గుజ్జు తీసి, ఆమె దగ్గరికి వెళ్ళాను. గుడ్డ విప్పి చూద్దామని చెయ్యి ఎత్తాను.

ఆమె ఎడమ చెయ్యి లేచింది. మోచెయ్యి బయటికి పెట్టి, మొహానికి అడ్డంగా నిలబడింది.

"కొట్టనే," అన్నాను.

"తెలుసక్కా. అది దానంతట అదే లేస్తది."

కలబంద గుజ్జు నా వేళ్ళ మీంచి నేల మీదికి కారుతోంది. నా దగ్గర ఎలా ఉండాలో ఎన్నాళ్ళకి నేర్చుకున్నావే అని అడిగాను. ఆమెకి అందులో తప్పేమీ కనపడలేదు, కూర చెప్పినట్టే చెప్పింది. నేను జడ బిగించి అల్లుకున్న రోజు ముందు మజ్జిగ ఇవ్వాలట, తర్వాతే మాట్లాడాలట. గ్యాసు అయిపోయిన రోజు నా కుడివైపు నిలబడకూడదట. అన్నం మాడితే ముందే చెప్పేస్తే చెంప మీద, దాస్తే గరిటెతో. ఆదివారం నేను తలంటుకున్నాక ఏమడిగినా ఒప్పుకుంటానట. ఐదేళ్ళలో అంతా తెలిసిపోయిందక్కా అంది.

నేను విన్నాను. ఎండుచేపలు ఎప్పుడూ నిల్వ ఉంచుకున్న ఇల్లు గుర్తొచ్చింది. తప్పయిపోయిందే అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఆమె వినడం మొదటిసారి, నేను అనడం కూడా మొదటిసారే.

"పర్లేదులే అక్కా," అంది. "రేపట్నుంచి నేను రానులే. చీరాలలో హాస్టల్లో వంటకి మాట్లాడుకున్నా."

వెళ్ళేముందు ఉలవచారు గిన్నె తోమి బోర్లించింది. నా జ్వరం మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పింది. నేను ఆటో దాకా వెళ్ళాను. సంచి అందిద్దామనిపించింది గానీ చెయ్యి ఎత్తడానికి భయమేసింది, వాచ్‌మన్‌ని అందించమన్నాను.

ఇప్పుడు నా దగ్గర ఇంకొకామె పనిచేస్తోంది. ఉప్పు మరిచిపోతుంది, అన్నం మాడుస్తుంది. అలాంటప్పుడు నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడి మాట్లాడతాను. నడుం నొప్పా పిన్నీ అని అడుగుతుంది. అవునంటాను.